స్టూడియో వెలుగు, కర్మాగారం వెలుగు: హాన్స్ హామర్‌షోల్డ్ వృత్తిపై ఒక కేస్ స్టడీ

స్వీడన్ ఫోటోగ్రాఫర్ హాన్స్ హామర్‌షోల్డ్ (1925–2012) జీవితకాలపు పనిని ఒక్కచోట పరిచి చూస్తే, ఇదంతా ఒక మనిషి చేసిందేనా అనిపిస్తుంది. పోర్ట్రెయిట్లు, ఫ్యాషన్, ప్రకటనలు, పరిశ్రమలు, ప్రకృతి, చివరికి సముద్రం అడుగునుంచి పైకి తీసిన 17వ శతాబ్దపు యుద్ధనౌక వాసా కూడా అందులో ఉన్నాయి. ఇంటిపేరు వినగానే ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన డాగ్ హామర్‌షోల్డ్ గుర్తుకు రావచ్చు. ఈయన వేరు.

ఇలాంటివారి గురించి రాసేటప్పుడు 'బహుముఖ ప్రజ్ఞ' అని ఒక మాట వేసి ముందుకు వెళ్లిపోవడం అలవాటు. ఆ మాట నేర్చుకునేవాడికి ఎందుకూ పనికిరాదు. ఒక మనిషి ఇన్ని రకాల పనిని ఒకే స్థాయిలో ఎలా నిలబెట్టగలిగాడన్నదే అసలు ప్రశ్న. ఈ కేస్ స్టడీలో మా వాదన సూటిగా ఇది: పోర్ట్రెయిట్ స్టూడియోలో నేర్చిన వెలుగు క్రమశిక్షణే పరిశ్రమల ఫోటోగ్రఫీకి పునాది. ముఖం మీద నీడ ఎక్కడ మొదలవ్వాలో తెలిసినవాడికి టర్బైన్ మీద ఎక్కడ మొదలవ్వాలో కూడా తెలుస్తుంది. స్టూడియోలో ఎదురుకాని అడ్డంకులు కర్మాగారంలో చాలా ఉంటాయి. కింద ఎక్కువ భాగం వాటి గురించే. లెక్కలు ఆయన డైరీలోవి కావు. ఆ తరం చేతిలో ఉన్న కెమెరాలు, ఫిల్ములు, బల్బులతో ఆ రకం పని ఎలా సాగుతుందో చూపడానికి మేం వేసినవి.

పునాది: స్టూడియో ఉగ్లా

ఆయన పోర్ట్రెయిట్ పని నేర్చింది స్టాక్‌హోంలోని స్టూడియో ఉగ్లాలో, రోల్ఫ్ వింక్విస్ట్ దగ్గర. స్వీడన్‌లో యుద్ధానంతర తరానికి వింక్విస్ట్ పెద్ద గురువు. స్టెన్ డిడ్రిక్ బెల్లాండర్ కూడా ఆ స్టూడియోలోనే తయారయ్యాడు. అలాంటి చోట శిష్యుడికి ముందు అబ్బేది లైటు పెట్టే చెయ్యి. మెయిన్ లైట్ ఒకటి పెట్టు, నీడ వైపు ఏం జరుగుతోందో చూడు, అవసరమైతేనే రెండోది తీసుకురా. ఇది వినడానికి చిన్న సూత్రం. కానీ కర్మాగారంలో అడుగుపెట్టిన కొత్తవాడు చేసే మొదటి తప్పు దీన్ని మరిచిపోవడమే. అక్కడ అన్నీ చీకటిగా కనిపిస్తాయి కాబట్టి అన్నిచోట్లా లైట్లు పెడతాడు. ఫలితంగా యంత్రాలు, పైపులు, మనుషులు అన్నీ ఒకే బూడిదరంగు ముద్దగా వస్తాయి.

1950ల మధ్యలో ఆయన లండన్‌లో వోగ్ ఫ్యాషన్ పత్రికకు పనిచేశారు. ఫ్యాషన్ నేర్పేది వేరే పాఠం: గడువు, బృందంతో పని, పేజీలో ఫోటో ఎలా కూర్చుంటుందన్న స్పృహ. 1958లో టియో ఫోటోగ్రాఫర్, అంటే పదిమంది ఫోటోగ్రాఫర్లు, అన్న బృందం ఏర్పడింది. ఆయనతోపాటు బెల్లాండర్, హ్యారీ డిట్మర్, స్వెన్ యిల్‌సేటర్, రూనే హాస్నర్, టోరె జాన్సన్, హాన్స్ మాల్మ్‌బెరి, పోల్-నిల్స్ నిల్సన్, యోర్గ్ ఓడ్నర్, లెన్నార్ట్ ఓల్సన్ అందులో సభ్యులు. దానికి అనుబంధంగా టియోఫోటో అన్న ఏజెన్సీ నడిచింది. వంతెనల కట్టడాన్ని దాదాపు నైరూప్య రూపాలుగా చూపిన ఓల్సన్ ఒక పక్క, జంతువుల కోసం దూరదేశాలు తిరిగిన యిల్‌సేటర్ మరో పక్క. ఇంత తేడా ఉన్న పదిమంది ఒకే గూట్లో పనిచేయడాన్ని మేం చాలా పెద్ద విషయంగా చూస్తాం. ఒంటరి ఫోటోగ్రాఫర్ ఒక్క రకం పనికే పేరు పడితే మిగతావి రావు. అందరిదీ ఒకే ఆర్కైవ్, ఒకే ఆఫీసు అయినప్పుడు ఒకరి మీద ఆ ఒత్తిడి తగ్గుతుంది.

పరికరం నిర్ణయించిన హద్దులు

ఆ తరం స్వీడన్ ఫోటోగ్రాఫర్లకు హాసెల్‌బ్లాడ్ ఇంటి కెమెరా. గోథెన్‌బర్గ్‌కు చెందిన విక్టర్ హాసెల్‌బ్లాడ్ 1948లో 1600ఎఫ్‌ను మార్కెట్లోకి తెచ్చారు, 1952లో 1000ఎఫ్ వచ్చింది. రెండింటిలోనూ ఫోకల్ ప్లేన్ షట్టరే, అంటే ఫిల్మ్‌కు ఆనుకుని కదిలే తెర. దాంతో ఫ్లాష్‌తో పనిచేసే వేగం 1/25 సెకను దరిదాపుల్లోనే ఆగిపోతుంది. 1957లో వచ్చిన 500సి లో షట్టర్ లెన్సులోకి మారింది. కాంపూర్ లీఫ్ షట్టర్ కాబట్టి 1/500 దాకా ఏ వేగంలోనైనా ఫ్లాష్ పనిచేస్తుంది. స్టూడియో పోర్ట్రెయిట్‌కు ఈ తేడా పెద్దగా తెలియదు. కర్మాగారంలో మాత్రం ఇదే మొత్తం ఆట మార్చేసింది. ఎలాగో లెక్కతో చూద్దాం.

కొలిమి ముందు ఒక కార్మికుడిని తీయాలి. ఫ్రేమ్‌లో మూడు వెలుగులు ఉన్నాయి: ఎర్రగా కాగిన ఉక్కు, హాలు మామూలు వెలుగు, ముఖం మీద మన ఫ్లాష్. ఎఫ్/8 అపెర్చర్ (లెన్సు కన్నం ఎంత తెరిచామో చెప్పే అంకె) దగ్గర హాలుకు సరైన ఎక్స్‌పోజర్ 1/8 సెకను, కాగిన ఉక్కుకు 1/125 అనుకుందాం. తేడా 4 స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు లేదా సగం). ఫ్లాష్‌ను ఎఫ్/8 కు సరిపడే దూరంలో పెడితే, షట్టర్ ఎంత పెట్టినా ముఖం మారదు. ఎందుకంటే ఫ్లాష్ మెరుపును కొలిచేది అపెర్చర్, చుట్టూ ఉన్న వెలుగును కొలిచేది షట్టర్. 1/30 పెడితే హాలు 2 స్టాపులు తగ్గుతుంది, ఉక్కు 2 స్టాపులు పెరుగుతుంది. నలుపు-తెలుపు నెగటివ్ దీన్ని సులువుగా భరిస్తుంది. కలర్ స్లైడ్ ఫిల్మ్ భరించదు. అందులో ఉక్కు రంగు పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. అప్పుడు 1/60 కో 1/125 కో వెళ్లాలి. పాత 1000ఎఫ్ తో ఫ్లాష్ వాడుతూ అక్కడికి వెళ్లే దారే లేదు. 500సి తో ఉంది. ఫోటోగ్రాఫర్ ఎంచుకోవాల్సింది ఒక్కటే: హాలు ఎంత చీకట్లోకి వెళ్లినా ఫర్వాలేదు? మా అనుభవంలో 2 స్టాపుల తగ్గుదల మంచి స్థానం. యంత్రాల ఆకారం తెలుస్తుంది, చెత్త కనబడదు.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. సి శ్రేణి లెన్సుల మీద వి, ఎక్స్, ఎం అని మూడు గుర్తులున్న చిన్న మీట ఉంటుంది. ఎం రకం ఫ్లాష్ బల్బు (ఒక్కసారే వెలిగి కాలిపోయే గాజు బల్బు) వెలిగి గరిష్ఠ కాంతికి చేరడానికి సుమారు 20 మిల్లీసెకన్లు పడుతుంది. మీట ఎం దగ్గర ఉంటే షట్టర్ ఆ మేరకు ఆగి తెరుచుకుంటుంది. ఎలక్ట్రానిక్ ఫ్లాష్ పెట్టి మీటను ఎం దగ్గరే వదిలేస్తే, మెరుపు అయిపోయాక షట్టర్ తెరుచుకుంటుంది. ఆ రోల్ మీద ముఖాలు ఉండవు. తిరగేసి, బల్బు పెట్టి మీటను ఎక్స్ దగ్గర వదిలి 1/250 లో కొడితే, బల్బు వెలగక ముందే షట్టర్ మూసుకుంటుంది. బల్బును ఎక్స్ తో వాడాల్సి వస్తే 1/30 లేదా అంతకంటే నెమ్మది వేగమే పెట్టాలి. వి అన్నది సెల్ఫ్ టైమర్. చీకట్లో తడిమి మీట జరిపినప్పుడు వేలు అక్కడ ఆగితే ఆ క్షణం పోయినట్టే.

ఇంకొకటి. 500సి లో ఫిల్మ్‌కు ముందు, కెమెరా వెనుక భాగంలో, తలుపుల్లాంటి సహాయక షట్టర్ ఉంటుంది. అది రిలీజ్ బటన్ నొక్కి ఉంచినంతసేపే తెరిచి ఉంటుంది. అర సెకను, సెకను లాంటి నెమ్మది వేగాల్లో బటన్ నొక్కి వెంటనే వదిలేస్తే, లెన్సు షట్టర్ ఇంకా తెరిచే ఉన్నా వెనుక తలుపులు మూసుకుంటాయి. నెగటివ్ పలచగా వస్తుంది, కారణం కనబడదు. కేబుల్ రిలీజ్‌ను లాక్ చేసి, షట్టర్ చప్పుడు పూర్తయ్యాక వదలాలి.

లెన్సు ఎంపికలో కూడా పోర్ట్రెయిట్‌కూ పరిశ్రమకూ పేచీ ఉంది. 6×6 సెంటీమీటర్ల నెగటివ్ మీద స్టూడియో పోర్ట్రెయిట్‌కు 150 ఎంఎం సోన్నార్ హాయిగా ఉంటుంది. 2 మీటర్ల దూరంలో ఎఫ్/8 పెడితే పదునుగా ఉండే లోతు సుమారు 16 సెంటీమీటర్లు. ముక్కు కొన నుంచి చెవి దాకా సరిపోతుంది. వెనుక అంతా కరిగిపోతుంది. పరిశ్రమ పోర్ట్రెయిట్‌లో వెనుక కరిగితే పని చెడుతుంది. ఆ మనిషి ఎక్కడ నిలబడ్డాడో తెలియాలి. 80 ఎంఎం ప్లానార్‌తో 2.5 మీటర్ల దగ్గర ఫోకస్ చేసి ఎఫ్/11 పెడితే సుమారు 2 నుంచి 3.4 మీటర్ల దాకా పదును ఉంటుంది. అదే 50 ఎంఎం డిస్టగాన్‌తో 1.5 నుంచి 7 మీటర్ల పైచిలుకు దాకా వస్తుంది. అందుకే చాలామంది 50 కు వెళ్తారు. దాని మూల్యం ఏమిటంటే, ముఖం ఫ్రేమ్ అంచుకు వెళితే సాగుతుంది. మనిషిని మధ్య మూడో వంతులో ఉంచాలి. కెమెరా కిందికో పైకో వంగకుండా సమంగా ఉండాలి. వంగితే స్తంభాలన్నీ లోపలికి కూలుతున్నట్టు కనిపిస్తాయి. స్తంభాలు నిటారుగా ఉండడం తప్పనిసరైతే 4×5 షీట్ ఫిల్మ్ కెమెరాకు మారి, లెన్సు ఉన్న ముందు ప్లేటును పైకి జరపడమే దారి.

పెద్ద హాలు, చిన్న బల్బు

వందమీటర్ల హాలుకు ఒక్క ఫ్లాష్ చాలదని అందరికీ తెలుసు. ఎన్ని కావాలో లెక్క వేయడం చాలామందికి రాదు. గైడ్ నంబర్‌ను (ఫ్లాష్ శక్తిని చెప్పే అంకె) దూరంతో భాగిస్తే అపెర్చర్ వస్తుంది. బల్బు గైడ్ నంబర్ మీటర్లలో 44, యంత్రం బల్బు నుంచి 8 మీటర్ల దూరం అయితే ఎఫ్/5.5 వస్తుంది. మనకు లోతు కోసం ఎఫ్/11 కావాలి, అంటే 88 కావాలి. ఒకే చోటి నుంచి ఎన్నోసార్లు కొడితే గైడ్ నంబర్ వర్గమూలం చొప్పున పెరుగుతుంది. 4 సార్లు కొడితే రెట్టింపు. కాబట్టి ఆ ఒక్క యంత్రానికే 4 బల్బులు. 16 మీటర్ల దూరం నుంచి కొట్టాలంటే 16 బల్బులు. దూరంగా ఒక పెద్ద లైటు పెట్టడం కంటే, యంత్రాల వెనుక దాక్కుని దగ్గర నుంచి చిన్న బల్బులు కొట్టడం ఎందుకు తెలివైన పనో ఈ లెక్కే చెబుతుంది.

పద్ధతి ఇది. కెమెరాను గట్టి నేల మీద ట్రైపాడ్‌పై బిగించి, షట్టర్‌ను 'బి' మీద, అంటే మనం మూసేదాకా, తెరిచి పెడతారు. లెన్సు ముందు నల్ల అట్ట పట్టుకుని ఒక మనిషి నిలబడతాడు. సహాయకుడు నల్ల దుస్తుల్లో మొదటి స్థానానికి వెళ్లి 'రెడీ' అంటాడు. అట్ట తీస్తారు, బల్బు వెలుగుతుంది, అట్ట మళ్లీ వేస్తారు. తర్వాతి స్థానం. ఈ మధ్యలో కెమెరాకు చెయ్యి తగిలితే అంతా రెండుగా పడుతుంది. అట్ట వేయకుండా వదిలేస్తే కిటికీ వెలుగు, పైనున్న దీపాలు పోగుపడి తెల్లమచ్చలవుతాయి. అసలు ముఖ్యమైన నియమం వెలుగు దిశ. అన్ని బల్బులూ సుమారుగా ఒకే వైపు నుంచి పడాలి. ఒకటి ఎడమ నుంచి, మరొకటి కుడి నుంచి కొడితే ప్రతి యంత్రానికీ రెండేసి నీడలు వస్తాయి, కన్ను దాన్ని వెంటనే పట్టేస్తుంది. ముఖానికి ఒకే మెయిన్ లైట్ అన్న స్టూడియో పాఠం ఇక్కడ అక్షరాలా పనిచేస్తుంది.

ఈ పద్ధతి ఆగి ఉన్న యంత్రాలకే. తిరిగే యంత్రంపై నాలుగుసార్లు కొడితే దాని చేతులు నాలుగు చోట్ల పడతాయి. అక్కడ ఒక్క మెరుపే వాడాలి, ఫ్రేమ్‌ను చిన్నది చేసుకోవాలి.

ఫ్లాష్ లేకుండా దీర్ఘ ఎక్స్‌పోజర్‌కు వెళ్తే ఫిల్మ్ స్వభావం అడ్డొస్తుంది. ట్రై-ఎక్స్ నలుపు-తెలుపు ఫిల్మ్‌కు కొడాక్ ఇచ్చిన పాత పట్టిక ప్రకారం లైట్ మీటర్ 1 సెకను చూపిస్తే 2 ఇవ్వాలి, 10 చూపిస్తే 50, 100 చూపిస్తే 1,200. డెవలప్‌మెంట్ కూడా వరుసగా 10, 20, 30 శాతం తగ్గించాలి. లేకపోతే నీడలు ఖాళీగా ఉండి దీపాలు మండిపోతాయి. మీటర్‌ను నమ్మి 10 సెకన్లే ఇచ్చినవాడు రెండు స్టాపులకు పైగా పోగొట్టుకుంటాడు.

రంగు వచ్చాక వచ్చిన తలనొప్పి

కంపెనీల బ్రోషర్లు రంగుల్లోకి మారినప్పుడు అసలు కష్టం మొదలైంది. పాత హాళ్లలో పాదరస ఆవిరి దీపాలు ఉండేవి. వాటిలో ఎరుపు దాదాపు ఉండదు. కంటికి తెల్లగా కనిపించేది డేలైట్ ఫిల్మ్ (పగటి వెలుగుకు తయారైన కలర్ ఫిల్మ్) మీద ఆకుపచ్చ-నీలంగా పడుతుంది, మనిషి ముఖం శవం రంగుకు తిరుగుతుంది. లెన్సుపై సుమారు సిసి30 సాంద్రత గల మాజెంటా (ఊదా-గులాబీ) ఫిల్టర్ పెడితే హాలు కొంత దారికి వస్తుంది, కానీ అప్పుడు ఫ్లాష్ పడిన ముఖం గులాబీ రంగవుతుంది. అందుకే ఫ్లాష్ మీద అంతే సాంద్రత ఉన్న ఆకుపచ్చ జెల్ (పలచని రంగు రేకు) వేయాలి. అప్పుడు రెండు వెలుగులూ ఒకటవుతాయి, లెన్సుమీది మాజెంటా రెండింటినీ కలిపి సరిచేస్తుంది. ఇది కొత్తవాళ్లకు తలకిందులుగా తోస్తుంది. ఒక్కసారి పరీక్ష రోల్ తీస్తే మరిచిపోరు. ఫిల్టర్లు మింగే వెలుగును లెక్కలోకి తీసుకోవాలి: టంగ్‌స్టన్ దీపాల కింద డేలైట్ ఫిల్మ్ వాడటానికి పెట్టే 80ఎ ఫిల్టర్ ఒక్కటే 2 స్టాపులు తింటుంది. తక్కువ పీడన సోడియం దీపాల కింద ఏ ఫిల్టరూ పనిచేయదు. అది దాదాపు ఒకే తరంగదైర్ఘ్యం, 589 నానోమీటర్లు. లేని రంగును ఫిల్టర్ తేలేదు. ఆ దీపాలు ఆర్పించి మన వెలుగే పెట్టాలి, లేదా నలుపు-తెలుపులో తీయాలి.

మార్చుకోగల మ్యాగజైన్, అంటే కెమెరా వెనుక తగిలించే ఫిల్మ్ పెట్టె, ఇక్కడే ప్రాణం నిలుపుతుంది. ఒకే ఏర్పాటుకు కలర్ ఒకటి, నలుపు-తెలుపు ఒకటి తీయవచ్చు. మన ఊళ్ల పాత స్టూడియోల్లో యాషికా మ్యాట్ వాడినవారికి 120 రోల్, 12 ఫ్రేములు కొత్త కాదు. కాకపోతే అందులో రోల్ మధ్యలో ఫిల్మ్ మార్చే వీలు లేదు. హాసెల్‌బ్లాడ్‌లో డార్క్ స్లైడ్ (ఫిల్మ్‌పై వెలుగు పడకుండా దూర్చే పలక) పెట్టి మ్యాగజైన్ విప్పవచ్చు. స్లైడ్ తీయడం మరిచిపోతే కెమెరా అసలు క్లిక్ అవదు. సరిగ్గా ఆ క్షణంలో కొలిమి తలుపు తెరుచుకుంటుంది. స్లైడ్‌ను ఎక్కడ పెట్టాలో ఒక జేబు ఖాయం చేసుకోవడం వృత్తిలో ఉన్నవారికి అలవాటు.

చలి, దుమ్ము, మెరిసే లోహం

స్వీడన్ చలికాలంలో పరిశ్రమకు వెళ్లినవాడికి మొదటి శత్రువు లోపలి వెచ్చని గాలి. సున్నాకు 15 డిగ్రీలు దిగువన కారులో ఉన్న కెమెరాను ఆవిరి నిండిన హాలులోకి తేగానే లెన్సు మీదే కాదు, లోపలి అద్దం మీద, మ్యాగజైన్‌లో కూడా తేమ పడుతుంది. తుడిస్తే పోదు. గాలి చొరని సంచిలో కట్టి, లోపలి ఉష్ణోగ్రతకు చేరేదాకా గంటలకొద్దీ వదలాలి. అందుకే సామాన్లు ముందురోజు సాయంత్రమే లోపలికి పంపడం మేలు. ఇక బయట, పొడి చలిలో ఫిల్మ్‌ను వేగంగా తిప్పితే స్థిరవిద్యుత్ మెరుపులు కొమ్మల ఆకారంలో నెగటివ్‌పై పడతాయి. నెమ్మదిగా తిప్పాలి. లోహపు దుమ్ము ఉన్నచోట మ్యాగజైన్ లోపలి ఒత్తిడి పలక మీద ఒక్క రేణువు ఉన్నా, రోల్ మొత్తం పొడుగునా ఒక గీత గీస్తుంది. ఫిల్మ్ మార్చే పని ఆఫీసు గదిలోనే చేయాలి.

నడక వంతెన మీద ట్రైపాడ్ పెట్టడం ఇంకో ఉచ్చు. పైనుంచి దృశ్యం బాగుంటుంది. కానీ ఆ ఇనుపజాలీ యంత్రంతోపాటు అదురుతూనే ఉంటుంది. అద్దాన్ని ముందే పైకి లేపినా లాభం లేదు, అదురు కెమెరాది కాదు కాబట్టి. గోడకు బిగించిన కాంక్రీటు మెట్టు వెతకాలి, లేదా ఎక్స్‌పోజర్‌లో ఎక్కువ వంతు ఫ్లాష్ నుంచి వచ్చేలా చూడాలి.

మెరిసే లోహ భాగాలు పూర్తిగా పోర్ట్రెయిట్ చదువే. బేరింగ్ గుండ్రటి ఉక్కు మీద లైటు పెట్టడం అంటూ ఉండదు, దానికి కనబడేదాన్ని మాత్రమే మనం అమర్చగలం. నేరుగా బల్బు చూపిస్తే ఒక చుక్క మెరిసి మిగతాదంతా నల్లగా ఉంటుంది. చుట్టూ తెల్లటి పలచని గుడ్డతో గుడారం వేసి బయటి నుంచి లైటు కొడితే లోహం తెల్లగా నిండుతుంది. అంచులు కనబడటానికి నల్ల అట్ట ముక్కలు లోపల పెట్టాలి. లెన్సుకు పోలరైజర్ (మెరుపును అణిచే ఫిల్టర్) ఒక్కటే పెడితే గాజు మీద, రంగు పూసిన తలం మీద మెరుపు తగ్గుతుంది, వట్టి లోహం మీద తగ్గదు. దానికి లైటుకు కూడా పోలరైజర్ వేయాలి. దగ్గరికి వెళ్లేకొద్దీ లెన్సుకూ ఫిల్మ్‌కూ మధ్య ఉండే మడతల గొట్టం, బెలోస్, చాపడం వల్ల వెలుగు తగ్గుతుంది. ఫిల్మ్ మీద బొమ్మ వస్తువులో సగం పరిమాణం ఉంటే 2.25 రెట్లు, సమానంగా ఉంటే 4 రెట్లు ఎక్స్‌పోజర్ పెంచాలి.

అంతా బాగా వచ్చిన ఫోటో కూడా ఒక చిన్న కారణానికి చెత్తబుట్టలోకి వెళ్లవచ్చు: కార్మికుడి కళ్లద్దాలు నుదుటి మీదకు తోసి ఉన్నాయి, లేదా యంత్రం రక్షణ కవచం తీసి ఉంది. కంపెనీ భద్రతాధికారి అలాంటి ఫోటోను అచ్చుకు ఒప్పుకోడు. లైటింగ్ మొదలు పెట్టకముందే ఫోర్‌మన్‌ను పక్కన నిలబెట్టి ఫ్రేమ్ చూపించాలి. ఆ పని ఎన్ని నిమిషాలకు ఒకసారి జరుగుతుంది, ఏ క్షణంలో మంట గరిష్ఠంగా ఉంటుంది అన్నదీ ఆయన్నే అడగాలి. కార్మికుడిని నిలబెట్టి పోజు పెట్టించడం కంటే, ఆ పని రెండు మూడుసార్లు జరగడం చూసి చెయ్యి సహజంగా ఆగే చోటు గుర్తుపెట్టుకోవడం మంచిది. ఇదీ స్టూడియోలో నేర్చిందే. కుర్చీలో కూర్చున్న మనిషి ఎప్పుడు భుజాలు వదులు చేస్తాడో కనిపెట్టినట్టే.

వాసా: రెండు నైపుణ్యాలు కలిసే చోటు

1628 ఆగస్టు 10న, మొదటి ప్రయాణంలోనే స్టాక్‌హోం తీరంలో మునిగిన వాసాను 1961 ఏప్రిల్ 24న పైకి తీశారు. కొయ్య ఎండి పగలకుండా 1962 నుంచి 1979 దాకా పాలీఇథిలీన్ గ్లైకాల్ ద్రావణం చల్లారు. ఇప్పటి మ్యూజియం 1990లో తెరిచారు. హామర్‌షోల్డ్ ఈ నౌకను ఫోటో తీశారన్నది ఆయన వృత్తిలో మాకు అన్నిటికంటే ఆసక్తికరమైన విషయం. ఎందుకంటే ఇది ఒకేసారి రెండు పనులూ అడుగుతుంది. ఓడ మొత్తం ఒక పెద్ద కట్టడం, పరిశ్రమల హాలు లాంటి సమస్య. దాని మీద వందలకొద్దీ చెక్కిన శిల్పాలు, వాటిలో ముఖాలు: సింహాలవి, వీరులవి, వికృతంగా నోరు తెరిచినవి. వాటికి పోర్ట్రెయిట్ లైటింగే కావాలి.

ఓక్ కొయ్య నీటి అడుగున శతాబ్దాలు ఉండి నల్లబడింది. కెమెరా మీటర్ దాన్ని మధ్యస్థ బూడిదగా భావించి ఎక్కువ ఎక్స్‌పోజర్ చెబుతుంది. దాని మాట వింటే కొయ్య పాలిపోయిన గోధుమరంగులో వస్తుంది. పడే వెలుగును కొలిచే మీటర్ వాడాలి, లేదా బూడిద కార్డును శిల్పం పక్కన పెట్టి కొలవాలి. అలా కొలిస్తే రంగు నిజమవుతుంది కానీ నీడలు ముద్దగా మిగిలే ప్రమాదం ఉంది. దానికి మందు ఎక్స్‌పోజర్ పెంచడం కాదు, వెలుగు కోణం మార్చడం. తలానికి 10–15 డిగ్రీల కోణంలో పక్క నుంచి లైటు పడితే ఉలి గీతలు ఒక్కొక్కటీ లేచి నిలుస్తాయి. ముఖాలకు అంత వాలు పనికిరాదు. కంటి గుంటలు నల్లగా మూసుకుపోతాయి. లైటును 45 డిగ్రీల దాకా ముందుకు తెచ్చి, నీడ వైపు తెల్లటి అట్టతో కొంచెం వెలుగు తిప్పి కొట్టాలి. గ్లైకాల్ పట్టిన కొయ్య అక్కడక్కడా మైనంలా మెరుస్తుంది. ఈ మెరుపు లోహపు మెరుపు కాదు కాబట్టి లెన్సు మీది పోలరైజర్ ఒక్కటే పనిచేస్తుంది. అయినా పూర్తిగా తిప్పి చంపేయకూడదు. మెరుపంతా పోతే కొయ్య మట్టిలా కనిపిస్తుంది. సగం తిప్పి ఆపితే తడి ఆరిన ఓక్ ఓక్‌లాగే ఉంటుంది.

మ్యూజియం లోపల కొయ్య కోసం వెలుగు తక్కువగా ఉంచుతారు, కాబట్టి ఓడ మొత్తాన్ని తీయాలంటే దీర్ఘ ఎక్స్‌పోజర్ తప్పదు. ఎఫ్/16 దగ్గర 30 సెకన్లు ఇస్తే నడిచే సందర్శకులు నెగటివ్‌పై పడరు. ఒకేచోట పది సెకన్లు నిలబడ్డవాడు మాత్రం దెయ్యంలా పడతాడు. తెరవడానికి ముందు గంటల్లో తీయడమే మంచిది. ఆ వేళ వెళ్లే అనుమతి పత్రంలో ట్రైపాడ్, లైట్లు, వాటి వాట్లు, ఒక్కో శిల్పం మీద ఎన్ని నిమిషాలు వెలుగు పడుతుందో కూడా ముందే రాసి ఇవ్వాల్సి ఉంటుంది.